సణిగినవాడి దగ్గర కొన్న స్కూటరు

మా మరదలు ఎద్వీజెకు మనుషుల పాదాలంటే అసహ్యం లేదు. మా జెనోవా రేవుపట్నం కొండల మీద, మెట్లు దిగలేక ఇళ్ళల్లోనే ఉండిపోయిన ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి, గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు నానబెట్టి, గోళ్ళు కత్తిరించి, ఆనెలు చెక్కి, పగుళ్ళకు మందు రాసి రావడం ఆమె బతుకుతెరువు. మేకకొమ్ముల్లా వంకరపోయిన గోళ్ళను కూడా ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా చూస్తుంది. మొహం చిట్లించదు. ఆమెకు రోత పుట్టించేవి మాటలు. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని తెలిస్తే చాలు, పాచిపోయిన కూర మీద మూత తీసినట్టు తల పక్కకు తిప్పుకుంటుంది.

నా పేరు నివెస్. ఎద్వీజెకు ఆడపడుచుని. ఆమె మొగుడు, అంటే మా తమ్ముడు, పోయి చాలా కాలమైంది. ఒరెజీనా కొండ మీద ఎదురెదురు వాటాల్లో ఉంటాం. నేను వయసంతా చేపల కొట్లో గడిపినదాన్ని, కాబట్టి నా నోరు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

కిందటి అక్టోబరులో బిజాన్యో ఏరు పొంగినప్పుడు, ఒక ముసలాయన కాళ్ళు కడగడానికి వెళ్ళి ఏటి పక్క సందులో నిలిపిన ఆమె చిన్న స్కూటరు బురదలో మునిగిపోయింది. బయటికి లాగాక చూస్తే దాని గొట్టంలోంచి బురద ముద్దముద్దగా జారింది. పాత ఇనుము వాడికి ఇచ్చేశాం. ఆ వారమంతా ఇద్దరం పారలు పట్టుకుని ఆ వీధిలో కొట్లన్నీ ఊడ్చాం. మురికి కాలువ, డీజిలు, కుళ్ళిన ఆకులు, నానిన గోడ సున్నం, అన్నీ కలిసిన ఆ కంపు ఒకసారి ముక్కుకెక్కితే ఇక దిగదు. వరద వచ్చిన ప్రతిసారీ పెద్దలు వచ్చి గంభీరంగా మొహాలు పెట్టి వెళ్తారు. వాళ్ళ మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

చలికాలమంతా ఎద్వీజె నీళ్ళ తొట్టి, కత్తెరల పెట్టె మోసుకుంటూ బస్సుల్లో, మెట్ల మీద తిరిగింది. ఎడమ మోకాలు వాచింది. పొద్దున్న చూడాల్సినవాళ్ళలో సగం మంది సాయంత్రానికి మిగిలిపోయేవాళ్ళు. ఇలాగే సాగితే పని పోతుంది. పని పోతే, సముద్రం కంటికి కూడా కనబడని మైదానంలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళి వంటింటి పక్క గదిలో పడుండాలి. ఆ చెల్లెలు అప్పటికే ఫోన్లో, "గది ఖాళీ చేయించానక్కా, నీ ఇష్టం" అంది. ఆ గొంతులో జాలి విని ఎద్వీజె ఫోను పెట్టేసి చేతులు కడుక్కుంది.

ఈసారి కొంటే మధ్యరకం మ్యాక్సీ స్కూటరే కొంటానని పట్టుబట్టింది. సీటు కింద తొట్టి, పెట్టె రెండూ పట్టాలి, ముందు గాలిని ఆపే పెద్ద అద్దం ఉండాలి, ఊరికి తూర్పు కొసన నెర్వి దాకా పై వంతెన రోడ్డు మీద లారీల మధ్య నిబ్బరంగా పోవాలి, కొండెక్కేటప్పుడు ఆయాసపడకూడదు. కొత్తది కొనే తాహతు లేదు. పాతదే వెతకాలి. వెతకడమంటే అమ్మేవాళ్ళ మాటలు వినడం. అక్కడే ఆమెకు ప్రాణసంకటం.

సంపియెర్దారెనాలో ఒక పాత బళ్ళ వ్యాపారి, జుట్టుకు ఇంత నూనె పట్టించినవాడు, స్కూటరు మీద గుడ్డ లాగి చేతులు చాపాడు. "చూడండమ్మా, ఇది బండి కాదు, పెళ్ళికూతురు. ఒక్క గీత లేదు."

ఎద్వీజె వంగి టైరు చూసింది. "ఈ పెళ్ళికూతురికి ఇదివరకు చాలా పెళ్ళిళ్ళయినట్టున్నాయి నాయనా."

ఇంకోచోట, నిమ్మకాయ వాసన కొట్టే గ్యారేజీలో ఒక వకీలు. ఎండ కాసే ఆదివారాలు తప్ప బండి బయటికి తియ్యలేదన్నాడు. సీటు మీద రెండు పెద్ద గుంటలున్నాయి. "మరి ఈ గుంటలెవరివండీ, ఆదివారాలవా?" అని నేనే అడిగాను. ఆయన టై సవరించుకున్నాడు. బయటికొచ్చాక ఎద్వీజె గోడ పట్టుకుని నిలబడింది.

"వదినా, వీళ్ళ నోళ్ళకంటే నేను కడిగే కాళ్ళు శుభ్రం" అంది.

మా ఊళ్ళో ఒక సంగతుంది. ఇక్కడ సణుగుడు హక్కు. వెనకటికి ఓడ పనికి కుదిరేటప్పుడు మా తాతలు, సణుక్కోనిస్తే కూలి తక్కువైనా ఒప్పుకునేవాళ్ళని చెబుతారు. రొట్టె బాగుంటే ఉప్పెక్కువైందంటాం, పిల్ల చక్కగా ఉంటే చిక్కిపోయిందంటాం. బాగుంది అని నోరారా అన్నవాణ్ణి మాత్రం నమ్మం. వాడు పైఊరివాడైనా అయ్యుండాలి, మోసగాడైనా అయ్యుండాలి. ఎద్వీజెకు ఈ జబ్బు మా అందరికంటే ఎక్కువ.

ఊరికి పడమటి కొసన పెల్యిలో దేలియో గిల్యోనె అనే అతను బండి అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాం. ఓడల మరమ్మతు పని చేసి మానుకున్నవాడు. పైజమా, చెప్పులతో బయటికొచ్చి మమ్మల్ని చూసి, "వచ్చేశారా. రావద్దని చెబుదామనుకున్నాను" అన్నాడు.

ఎద్వీజె మొహం అప్పుడే విచ్చుకుంది.

"అదిగో, ఆ మూల ఉంది దరిద్రం" అన్నాడతను. "ఎడమ అద్దం పగిలింది. స్టాండు వెయ్యాలంటే ఎద్దు బలం కావాలి. హారను నొక్కితే మా అత్తగారు దగ్గినట్టుంటుంది, ఎవడూ తప్పుకోడు. సీటు చిరిగింది. ఇంకోటి, ముందే చెప్తున్నా, తర్వాత నన్నంటే ఊరుకోను. సీటు కింద కంపు. మా బావమరిది తెలివితక్కువ వెధవ ఉప్పుచేపల జాడీ అందులో పెట్టి గుంటలో దూకించాడు. వెనిగర్ పోసి కడిగినా పోలేదు."

నేను సీటెత్తి వాసన చూశాను. ఉప్పుచేపల కంపే. వయసంతా ఆ కంపులో బతికినదాన్ని, నాకు బెంగెందుకు? అడుగున ఇంకేదో ఉందేమోనని వెతకాలని నాకు తోచలేదు.

"కంపు పర్వాలేదు" అన్నాను.

"మీకు పర్వాలేదు. నాకు పరువు" అన్నాడు దేలియో. "అసలు మీరిది కొనకండి. ఇంకెక్కడైనా చూసుకోండి."

"రంగు కూడా దిక్కుమాలిన రంగు" అంది ఎద్వీజె.

"నాకేం తెలీదా? గుడ్డివాడు కూడా ఈ రంగు ఎంచుకోడు."

"ఇది పెట్రోలు తాగుతుందేమో."

"మా నాన్న సారా తాగినట్టు తాగుతుంది."

ఇద్దరూ అలా అరగంట సణుక్కున్నారు. పెళ్ళిమాటల్లో కూడా నేనింత ముచ్చట చూడలేదు. ఎద్వీజె బండెక్కి సందు చివరిదాకా పోయి వచ్చింది. ఇంజను మెత్తగా పలికింది. ధర దగ్గర కూడా ఇద్దరూ తమకే నష్టమని ఏడ్చి కుదుర్చుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో ఆమె నడుం పట్టుకుని కూర్చున్నాను. "ఇన్నాళ్ళకి ఒక మనిషి కనబడ్డాడు వదినా" అంది గాలిలో.

వసంతమంతా ఆమె మారిన మనిషే. పొద్దున్నే పాలకాఫీలో ఫొకాచ్చా రొట్టె ముంచుకు తిని, తొట్టి సీటు కింద పడేసి, హెల్మెట్టు తగిలించుకుని వెళ్ళేది. చలికాలంలో మానుకున్నవాళ్ళు తిరిగి పిలిచారు. నెర్వి వైపు కొత్తగా కొందరు కుదిరారు. చెల్లెలు ఫోను చేస్తే, "ఆ గదిలో ఉల్లిపాయలు పోసుకో" అని చెప్పింది.

ఎండలు ముదిరాక మొదలైంది. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి నా గుమ్మంలో నిలబడి చేతులు ముందుకు చాపింది. "వాసన చూడు వదినా."

చూశాను. వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన, ఉప్పుచేపల వాసన, వాటి కింద ఇంకోటి. అక్టోబరులో ఇద్దరం పారలతో ఎత్తిపోసిన కంపే. ఆ కంపుకు పేరు పెట్టి చెప్పుకోవాల్సిన పని మాకు లేదు.

తర్వాతి రోజుల్లోనే పై వంతెన రోడ్డు మీద బండి ఉన్నట్టుండి చచ్చింది. దీపాలూ లేవు, ఇంజనూ లేదు. వెనకాల వచ్చే లారీ హారను కొడుతూ రాసుకుంటూ పోయింది. ఆమె అంచుగోడ పక్కకు నెట్టుకుంటూ దిగేసరికి గంట పట్టిందట. ఇంటికొచ్చి ఆ పూట కత్తెరల పెట్టె మూత తియ్యలేదు.

మా వీధి మెకానిక్ రేమో ముందు తొడుగు విప్పాడు. హెడ్‌లైటు వెనకాల అరచేతి మందాన ఎండిన బురద. అందులో ఆకులు, ఆలివ్ గింజ, సగం కరిగిన బస్సు టికెట్టు. వైర్ల కొసలు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. బయటికి కనబడేచోట మాత్రం శుభ్రంగా తుడిచి నూనె రాశారు. ఎవరో ఓపిగ్గా కూర్చుని చేసిన పని అది. దాన్ని చూస్తే నాకు బురద కంటే ఎక్కువ రోత పుట్టింది.

"ఇది పీకలదాకా మునిగింది" అన్నాడు రేమో. "బురద కడిగి, ఎలాగో స్టార్టయ్యేలా చెయ్యగలను. కానీ వైర్లు లోపలినుంచి కుళ్ళుతున్నాయి. ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు. అన్నీ మార్చాలంటే అయ్యే డబ్బుకు ఇంకో బండి వస్తుంది."

మర్నాడే బస్సెక్కి పెల్యి వెళ్ళాం. దేలియో అవే చెప్పులతో తలుపు తీశాడు. ఎద్వీజె సంగతి చెప్పింది. అతను ఆశ్చర్యపోలేదు, సిగ్గూ పడలేదు.

"నేను అబద్ధం చెప్పానా? ఒక్కటి చూపించమ్మా" అన్నాడు.

"వరదలో మునిగిందని చెప్పలేదు."

"నువ్వడగలేదు. అద్దం పగిలిందన్నానా? సీటు చిరిగిందన్నానా? కొనకు తల్లీ, కొనకు తల్లీ అని మొత్తుకున్నానా లేదా? ఈవిడే సాక్షి."

"కంపు ఉప్పుచేపలదన్నావు."

"కంపు కంపే కదా." గొంతు తగ్గించి, చుట్టంతో మాట్లాడుతున్నట్టు దగ్గరికి వంగాడు. "ఇంత ఇదైపోతావెందుకు? నాకూ ఒకడు ఇలాగే సణిగి అంటగట్టాడు. నీకు నాకంటే బాగా సణగడం వచ్చు, ఆవేళే చూశాను. నాలుగు లోపాలు చెప్పి ఇంకొకరికిచ్చెయ్. ఎవరికీ నష్టం లేదు, చివర్లో ఉన్నవాడికి తప్ప."

నాకు బూతులన్నీ ఒకేసారి నోటికొచ్చాయి. ఎద్వీజె అతని మొహం వైపు చూడటం మానేసింది. కిందికి, చెప్పుల్లోంచి బయటికొచ్చిన బొటనవేలు వైపు చూసింది.

"ఆ గోరు లోపలికి పెరిగి చీము పట్టింది. చూపించుకో" అంది. "నా దగ్గరికి మాత్రం రాకు."

రేమో కడిగి, తుడిచి, బండి స్టార్టయ్యేలా చేశాడు. బురద ఆనవాలు లేకుండా పోయింది. అమ్మక తప్పదు. అది అమ్మితేనే ఇంకోటి కొనగలదు, ఇంకోటి కొంటేనే పని నిలుస్తుంది. నేను ఆమెను కూర్చోబెట్టి చెప్పాను.

"నోరు మూసుకుని అమ్మెయ్యవే. లోకం అంతా అలాగే ఉంది."

"చెప్పే అమ్ముతాను వదినా. మునిగిందని చెప్తాను. ఎంతొస్తే అంత."

"చెప్తే పాత ఇనుము ధరే వస్తుంది."

"రానీ."

కొనడానికి వచ్చింది ఒత్తావియో బ్రుజ్జోనె, బడిలో వంటవాడు. పక్కన భార్య జీతా. ఆవిడ చేతిలో కొత్త హెల్మెట్టు, కొట్టువాడి చీటీ ఇంకా పీకలేదు. ఆదివారాలు సముద్రపు ఒడ్డు రోడ్డు వెంబడి ఇద్దరూ తిరగాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నారట. బండి ఇంకా చూడకముందే హెల్మెట్టు కొనేసింది పిచ్చిది.

"ఇది వరదలో మునిగిందండీ" అంది ఎద్వీజె మొట్టమొదటే.

ఒత్తావియో మొహంలో నవ్వు పాకింది. ఆ నవ్వు నాకు తెలుసు. పెల్యిలో ఎద్వీజె మొహంలో పాకిన నవ్వు అదే.

"ఈ ఊళ్ళో మునగనిదేముంది తల్లీ?" అన్నాడు. "మా అత్తారిల్లు మునిగింది, నా జీతం మునిగింది."

"అది వేరు. దీని వైర్లు కుళ్ళాయి. నడిరోడ్డు మీద ఆగిపోతుంది."

"యాభై దాటాక నేనూ నడిరోడ్డు మీద ఆగుతున్నాను."

"నిజం చెప్తున్నాను. లారీ కిందికి పోబోయాను."

"మా ఆవిడ వంట తిన్నాక నాకు లారీలంటే భయం పోయింది." భార్యను మోచేత్తో పొడిచాడు. "చూశావా, ఆవిడకు అమ్మబుద్ధి కావడం లేదు. ఇలాంటి మనిషి దగ్గరే కొనాలి."

"అమ్మను" అంది ఎద్వీజె. "మీకు అమ్మను. వెళ్ళండి."

ఒత్తావియో ఇంకా సంతోషించి ధర పెంచాడు. పెంచినదానితో ఇంకో మంచి బండే వస్తుంది. నేను ఎద్వీజె చెయ్యి గట్టిగా గిల్లాను. నాలుగుసార్లు నిజం చెప్పింది, వినకపోతే ఆమె ఏం చేస్తుంది? ఇక ఆమె పాపం లేదనే నాకు అనిపించింది, ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది. జీతా అప్పటికే వెనక సీటు ఎక్కి, హెల్మెట్టు పెట్టుకుని, గడ్డం కింది పట్టీ బిగించుకుంటోంది. ఆ పట్టీ బిగించడం ఆవిడకు సరిగ్గా రావడం లేదు.

ఎద్వీజె ఆవిడనే చూస్తూ నిలబడింది. తర్వాత గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళలో ఆమె నోట నేనెప్పుడూ వినని తియ్యని గొంతు అది.

"నిజం చెప్పాలంటే ఇది చాలా మంచి బండండీ" అంది. "బండి కాదు, పెళ్ళికూతురు. ఒక్క గీత లేదు. ఎండ ఉన్న ఆదివారాలు తప్ప తియ్యలేదు. మీరు చాలా అదృష్టవంతులు. ఇలాంటిది మళ్ళీ దొరకదు."

ఒత్తావియో నవ్వు ఆగిపోయింది. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, ముందు తొడుగు దగ్గర వంగి ముక్కు పెట్టాడు. లేచి ఎద్వీజె వైపు, కాలికంటిన పేడను చూసినట్టు చూశాడు.

"దిగు జీతా" అన్నాడు. "నిజంగానే మునిగింది."

"ఇంతసేపూ మర్యాదస్తురాలనుకున్నానే" అంది జీతా దిగుతూ. "ఛీ. ఏం మనుషులమ్మా. మమ్మల్ని చంపడానికా?"

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళేదాకా వినబడుతూనే ఉంది. వరద బండి, దొంగముండ, పోలీసులు. ఎద్వీజె మెట్టు మీద కూర్చుని సీసాలో నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించి ఉమ్మింది. సొంత నోరే ఆమెకు రోత పుట్టించింది. నేను పక్కన కూర్చోలేదు. నాకు ఆమె మీద కోపంగా ఉంది, ఆ కోపం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. బండిని రేమో చక్రాల కోసం, సీటు కోసం ఊడదీసుకున్నాడు. మిగిలింది పాత ఇనుములోకి పోయింది.

బడి వంటింట్లో పడిన మాట కొండెక్కడానికి ఎంతసేపు? ఆ వారమే ఫోన్లు మొదలయ్యాయి. "ఎద్వీజె గారూ, మీకు శ్రమెందుకండీ, ఈ నెల రానక్కర్లేదు." "మీ మేలు మర్చిపోమండీ, అవసరమైతే మేమే పిలుస్తాం." ఒక్కరు కూడా ఒక్క తిట్టు తిట్టలేదు. అందరూ మల్లెపూలు చల్లినట్టు మాట్లాడారు. అలా మాట్లాడారంటే ఇక వాళ్ళు పిలవరని మా ఇద్దరికీ తెలుసు. నెర్వి వైపు అంతా పోయింది. చెల్లెలు కూడా ఫోను చేసింది. ఈసారి ఎద్వీజె వెంటనే పెట్టెయ్యలేదు, గదికి కిటికీ ఎటువైపు ఉందని అడిగింది.

మిగిలినవాళ్ళలో అమాబిలె అనే ముసలావిడ ఒకర్తి. లిఫ్టు లేని మేడలో అన్నిటికంటే పై అంతస్తు. ఒత్తావియో ఆవిడకు మేనల్లుడు. ఫోను రాలేదు కాబట్టి వెళ్ళాలి. ఎద్వీజె మోకాలు చూసి తొట్టి నేను పట్టుకున్నాను. ప్రతి అంతస్తు దగ్గరా ఆగి ఊపిరి తీసుకున్నాం. తలుపు తెరుచుకోదని నాకు గట్టిగా అనిపించింది. మెట్ల మీద ఆ మాట అన్నాను కూడా.

తలుపు తెరిచే ఉంది. అమాబిలె కుర్చీలో కూర్చుని ఉంది, మేజోళ్ళు తీసేసి.

"వచ్చావా వరద బండీ" అంది. "మావాడు అంతా చెప్పాడు. సిగ్గులేదూ? మునిగిన బండి పెళ్ళికూతురని అమ్ముతావూ? మీ ఆయన ఉంటే నిన్నేమనేవాడు? ఆ నీళ్ళు చూడు, కాలిపోతున్నాయి. నన్ను ఉడకబెడతావా? ఈవిడెవరు, చేపల నివెసా? ఇంకా కంపు కొడుతూనే ఉంది. చేతులు తుడుచుకో, మంచుగడ్డల్లా ఉన్నాయి. దొంగ పీనుగా, పోయినసారి చిటికెనవేలు గోరు వదిలేశావు, మేజోడు చిరిగింది."

ఎద్వీజె నేలమీద కూర్చుని తలొంచుకుని ఆవిడ కుడికాలు తొట్టిలో పెట్టింది. తిట్లన్నీ ఆమె తల మీదినుంచి ధారగా పడుతున్నాయి. నేను పక్కనుంచి చూశాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, చేతులు తడిగా ఉన్నాయి కదా.

"వచ్చే వారం ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగింది.

"ఎప్పటిలాగే" అంది అమాబిలె. "ఇప్పుడు నడిచే కదా చావాలి. కాస్త ముందు బయల్దేరు." అని రెండో కాలు కూడా నీళ్ళలో పెట్టింది.